మరుగుదొడ్డిలో నీరు దిగనప్పుడు

సోదరీమణులారా! ఆవకాయకు ఉప్పుకారముల పాళ్లు, పసిపిల్లల దగ్గు పడిసెములకు కషాయములు, పట్టుచీరెపై పడిన నూనెమరకను పోగొట్టు ఉపాయములు, వీనిని గూర్చి మనము ఒండొరులతో ఎంతయో ముచ్చటించుకొందుము. ఇంటిలోని ప్రతివారికిని ప్రతిదినమును అక్కరకు వచ్చెడి మరుగుదొడ్డిని గూర్చి మాత్రము నోరు మెదపము. దాని పేరులోనే మరుగు కలదు. కంటికి మరుగై యుండుట దానికి మర్యాదయే. బుద్ధికిని మరుగై యుండుట మాత్రము అపాయము. అందులో పోసిన నీరు దిగక నిలిచిపోయిన దినమున ఈ మాట ఎంత నిజమో గృహిణికి తెలియును. ఆనాడు ఇంటనున్న చదువులును సంపదలును ఒక ప్రక్కకు తొలగును. చెంబు చేతబట్టుకొని ఏమి చేయుటకును తోచక నిలిచిన ముసలమ్మ యొక్కతె కంటికి కనబడును.

ఈ సంగతి పురుషులకంటె స్త్రీలకేల ముఖ్యమో విస్తరించి చెప్పనక్కరలేదు. మన అమ్మమ్మల కాలమున పల్లెలలోని ఆడువారు తెల్లవారకముందును, ప్రొద్దు గ్రుంకిన పిమ్మటను మాత్రమే చెరువుగట్టునకో పొలముగట్టునకో పోవలసియుండెడిది. నడుమనున్న పగలంతయు ఓర్చుకొనుటయే. ఓర్చుకొనుటకై మంచినీరు త్రాగుట తగ్గించుకొందురు; దానివలన మూత్రపు మంట మొదలైన బాధలు వచ్చును; వానిని ఎవరితోడను చెప్పుకొనరు. 2014 అక్టోబరు 2వ తేదీన స్వచ్ఛభారత కార్యక్రమము ఆరంభమై, దొడ్డి లేని గ్రామీణ కుటుంబమునకు 12,000 రూపాయల సాయము లభించుటతో పల్లెలయందు ఇంటింటను ఈ కట్టడములు లేచినవి. మా విజయనగరము జిల్లా ఈ విషయమున దేశముయొక్క మెప్పు పొందినది. 2017 మార్చి 10వ తేదీ ఉదయము ఆరు గంటలు మొదలు 14వ తేదీ ఉదయము పది గంటల వరకు, నూరు గంటలపాటు విరామము లేకుండ, 71 గ్రామపంచాయతీలలో పదివేల మరుగుదొడ్లు కట్టు పనిని జనులును అధికారులును కలిసి సాగించిరి. ప్రధానమంత్రి ఆ నెలలోనే తమ రేడియో ప్రసంగమున దీనిని పేర్కొనిరి. కట్టుట నూరు గంటలలో కాగల పని. కట్టినదానిని ఏండ్ల తరబడి పనిచేయునట్లు నిలుపుకొనుట వేరొక పని. అది తరచుగా ఇల్లాలి పాలనే పడుచున్నది. అందులకు కావలసిన తెలివిడిని మాత్రము ఎవరును ఆమెకు చెప్పుటలేదు.

మేము శృంగవరపుకోటలో కాపురముండబట్టి పదియేండ్లు దాటినది. తూర్పుకనుమల పాదముననున్న ఊరు మాది. అరకు పోవు రోడ్డును, కొత్తవలసనుండి కిరండూలు పోవు రైలుదారియు మా ఊరి మీదుగనే కొండలెక్కును. మావారు ఉన్నత పాఠశాలయందు ఉపాధ్యాయులు. మాది అద్దె యిల్లు. అందు మరుగుదొడ్డి యొక్కటే. ఒక యేడు సంక్రాంతికి మా బావగారు కుటుంబముతో వచ్చిరి. మా ఆడుబిడ్డయు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చినది. పెద్దలు పిన్నలు కలిసి పదునలుగురమైతిమి. కనుమనాటి ఉదయమున బేసినులో పోసిన నీరు అంచువరకు వచ్చి నిలిచినది. చాల సేపటికి మెల్లగా తగ్గినది. మరల పోయగా మరల నిలిచినది. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. బయటికి నడచి పోలేరు. ఆమె ఎవరితోను ఏమియు ననక, కాఫీ వద్దని, మంచినీరును వద్దని మూలను కూర్చుండిరి. ఏల వద్దనిరో ఆడువారమందరమును గ్రహించితిమి. మగవారిలో ఒక్కరును గ్రహింపలేదు.

"ట్యాంకు నిండిపోయి ఉంటుంది. ఎవణ్ణైనా పిలిచి లోపలికి దింపితే గంటలో అయిపోతుంది" అని బావగారు తేల్చివేసిరి. ప్రక్కింటివారు వెంటనే ఒక మనిషిని పిలిపించిరి. అతడు పలుగు, త్రాడు, బకెట్టు తీసికొని వచ్చి పెరటిలో నిలిచి, "దిగమంటే దిగిపోతానమ్మా. బేగి అయిపోద్ది" అనెను. ఇరువదియైదేండ్లు దాటని పిల్లవాడు. కాలి చెప్పులు తప్ప ఒంటికి వేరు రక్షణ ఏదియు లేదు. నేను మావారిని లోపలికి పిలిచి, "ఒక్క గంట ఆగండి. ట్యాంకు నిండిందని ఎవరు చూశారు?" అని అడిగితిని. మావారు బడిలో లెక్కలు చెప్పువారు. ఋజువు లేని సమాధానమును ఒప్పుకొను అలవాటు వారికి లేదు. వారు నవ్వి, ఆ పిల్లవానికి కాఫీ ఇప్పించి అరుగుమీద కూర్చుండబెట్టిరి.

నాకు ఇంటివద్దనే మా నాన్నగారు అమరమును, కావ్యములును, పిమ్మట కొంత తర్కమును చెప్పిరి. న్యాయసూత్రములలో గౌతముడు అనుమానము మూడు విధములని చెప్పెను. అందు శేషవత్తు అనునది యొకటి. వాత్స్యాయనుడు తన భాష్యమున దీనికి రెండర్థములు చెప్పెను. కార్యమును చూచి కారణమును ఊహించుట మొదటిది. నది నిండి వేగముగా పారుచుండగా చూచి ఎగువను వాన కురిసినదని తెలిసికొనుట దీనికి ఉదాహరణము. తోచిన అవకాశములను ఒక్కొక్కటిగా త్రోసివేసి చివరకు మిగిలినదానిని పట్టుకొనుట రెండవది, దీనినే పరిశేషమందురు. మొదటిదానికి మా ప్రాంతపువారికి గురువు అక్కరలేదు. అనంతగిరి కొండలపై గట్టివాన పడిన సంగతిని క్రిందనున్నవారికి గోస్తనీనది నీరే వచ్చి చెప్పును. ఆనాడు నాకు పనికివచ్చినది రెండవది. నీరు దిగకుండుట కార్యము. దానికి కారణములు నాలుగైదు ఉండవచ్చును. ట్యాంకు నిండుట వానిలో ఒకటి మాత్రమే. ఒక తల్లి బిడ్డను ఆ చీకటి గోతిలోనికి దింపుటకు ముందు మిగిలిన నాలుగింటిని పరీక్షింపవలదా?

పరీక్షకు ముందుగా నీరు పోవు దారిని తెలిసికొనవలయును. బేసిను క్రింద గొట్టము తిన్నగా పోక ఒక వంపు తిరిగి యుండును. ఆ వంపులో ఎల్లప్పుడును కొంత నీరు నిలిచియుండును. ఆ కొద్ది నీరే లోపలి దుర్వాసన ఇంటిలోనికి రాకుండ తలుపువలె అడ్డుకొనును. ఈ వంపునకు 1775వ సంవత్సరమున ఇంగ్లండులో అలెగ్జాండరు కమ్మింగు అను గడియారముల పనివాడు హక్కుపత్రము పొందెను. నేటికిని ప్రపంచమంతట ఇంటింటను పనిచేయుచున్నది ఆ యుపాయమే. వంపు దాటిన గొట్టము పెరటిలోని చిన్న చాంబరులోనికి వచ్చును. చాంబరునుండి సెప్టిక్ ట్యాంకులోనికిని, ట్యాంకునుండి తేరిన నీరు ఇంకుడు గోతిలోనికిని పోవును. మలినము వంపును దాటవలెనన్నచో నీరు చాలినంత ఉండవలయును. ఒక్కసారిగా వేగముతో రావలయును. సన్నని ధారగా ఒక బిందెడు పోసినను పని జరుగదు. కాబట్టి లోపము నీటియందైనను, వంపునందైనను, గొట్టమునందైనను, ట్యాంకునందైనను, చివరి గోతియందైనను ఉండవలయును. పై నుండి క్రిందికి ఈ వరుసలోనే వెదకవలయును.

మొదటిది నీటి పరీక్ష. మీట నొక్కిన దిగని నీరు బకెట్టుతో పోసిన దిగునేమో చూడుడు. అరబకెట్టు నీటిని నడుము ఎత్తునుండి ఒక్క ఊపున పోయుడు. అది చక్కగా దిగిపోయినచో గొట్టములయందు దోషము లేదు. దోషము గోడకు తగిలించిన ఫ్లష్ ట్యాంకులోనిదే. దాని మూత తీసి చూచుటకు జంకవలదు. అందులో ఉండునది మంచినీరే. లోపల ఒక తేలెడి బంతి యుండును. నీరు నిండగానే అది పైకి లేచి కుళాయిని మూయును. బంతి గోడకు ఒరసి చిక్కుకొన్నచో ట్యాంకు సగమే నిండును. మీటను అడుగున నున్న రబ్బరు మూతకు కలుపు గొలుసు ఊడిపోవచ్చును. ఆ రబ్బరు అరిగినచో నీరు దినమంతయు సన్నగా కారిపోయి, కావలసినప్పుడు ట్యాంకు ఖాళీగా నుండును. గొలుసును తగిలించుట మన చేతిపని. రబ్బరు వాచరు కొద్దిపాటి వెలకే దొరకును. బోరునీరు వాడు ఇండ్లలో కమోడు అంచు క్రిందనున్న చిన్న రంధ్రములు తెల్లని సున్నపు పొరతో పూడుకొనిపోవుటయు కలదు. రాత్రి వినిగరు పట్టించి ఉదయమున బ్రష్షుతో తోమిన అవి తెరచుకొనును.

పల్లెలలో చెంబునీరు పోసికొను దొడ్లకు వేరొక చిక్కు కలదు. వానికై ప్రత్యేకముగా చేసిన బేసినులు లోపలికి బాగుగా వాలియుండును. వంపులో నిలుచు నీటిలోతు కూడ 20 మిల్లీమీటర్లు మాత్రమే. కావుననే లీటరున్నర, రెండు లీటర్ల నీటితో శుభ్రమగును. మేస్త్రి ఆ బేసినునకు మారుగా పట్టణపు చదును బేసినును పెట్టినచో ఎన్ని చెంబులు పోసినను చాలదు. ఆ ఇంటివారు గొట్టము మూసుకొన్నదని సంవత్సరముల తరబడి అనుకొనుచుందురు. దొడ్డి కట్టించుకొనువారు ఈ మాటను ముందే అడిగి తెలిసికొనుట మేలు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను వచ్చి విశాఖపట్టణమును, మా జిల్లాను అతలాకుతలము చేసినప్పుడు విద్యుత్తు లేక మోటార్లు ఆగినవి. మేడమీది ట్యాంకులు ఎండిపోయినవి. మీట నొక్కుటయే తెలిసినవారు దిగులుపడిరి. నూతినీరు తోడుకొని చెంబుతో పోసికొనువారికి ఆ ఇబ్బంది లేకపోయినది. దొడ్డిమూలను ఒక పెద్ద బకెట్టు నిండుగా నుంచుకొనుట ఎట్టి ఇంటికైనను శ్రేయస్కరము.

మా ఇంట బకెట్టునీరును నిలిచిపోయినది. కనుక ఫ్లష్ ట్యాంకు నిర్దోషియని తేలినది. ఇక రెండవది చాంబరు పరీక్ష. మావారు పిల్లలను దూరముగా పంపి, చాంబరు మూతను పలుగుతో ఎత్తి ప్రక్కకు తొలగించి, కొంతసేపు గాలి తగులనిచ్చిరి. ఇట్టిచోట అగ్గిపుల్ల వెలిగింపరాదు. తల లోనికి వంచరాదు. చాంబరు నిండియున్నచో అడ్డు అంతకు దిగువను, అనగా ట్యాంకు వైపున ఉన్నదని అర్థము. ఖాళీగా నున్నచో అడ్డు ఎగువను, అనగా బేసినునకును చాంబరునకును నడుమ ఉన్నదని అర్థము. మా చాంబరు ఖాళీగా నుండెను. లోపల నేను బకెట్టునీరు పోసితిని. బయట చాంబరులోనికి చుక్క రాలేదు. పిమ్మట మావారు ఒక బకెట్టునీటిని తిన్నగా చాంబరులోననే పోసిరి. అది గలగల పారి ట్యాంకువైపు పోయినది. చాంబరు మొదలుకొని దిగువ దారి అంతయు సవ్యముగా నున్నదని దానితో ఋజువైనది. మిగిలినది బేసిను మొదలు చాంబరు వరకుగల ఎనిమిదడుగుల గొట్టము మాత్రమే. దీనికి పట్టిన కాలము పావుగంట.

అరుగుమీది పిల్లవాడు ఇదంతయు చూచుచునే యుండెను. మావారు అతనికి అనుకొన్న కూలి ఇయ్యబోగా, "పని సెయ్యకుండా డబ్బులెందుకు బాబూ" అని సందేహించెను. "పండగపూట పిలవగానే వచ్చావు కదా" అని మావారు అతని చేతిలో పెట్టిరి. అప్పుడతడు మెల్లగా చెప్పెను: నెల క్రిందట ఒక ఇంట దిగినప్పుడు కండ్లు తిరిగి త్రాడు పట్టు తప్పెనట, పైనున్న మామ సకాలమున లాగినందున బ్రతికెనట. ఇంటివద్ద రెండేండ్ల కూతురున్నదట. బావగారు ఆ మాటలు విని ఏమియు ననలేదు. పిమ్మట తామే లేచి బజారునకు పోయి ప్లంజరు కొనితెచ్చిరి.

ప్లంజరనగా రబ్బరు గిన్నె తొడిగిన కర్ర. గిన్నె మునుగునంత నీరు బేసినులో ఉండవలయును. రంధ్రముపై దానిని గట్టిగా ఆనించి, మెల్లగా నొక్కి, వేగముగా పైకి లాగవలయును. బలము నొక్కుటలో కంటె లాగుటలో ఎక్కువ యుండవలయును. అడ్డు కదలి వదులగునది అప్పుడే. పదునైదు ఇరువదిసార్లు చేసి, కొంత ఆగి, మరల చేయవలయును. జిడ్డువలన గాని కాగితమువలన గాని కలిగిన అడ్డు దీనితోనే తొలగును. సబ్బుపొడి కలిపిన వేడినీరు పోసి అరగంట ఆగుటయు మంచిదే. మరుగుచున్న నీరు మాత్రము పోయరాదు, పింగాణీ పగులును.

ఇచట ఒక హెచ్చరిక. అడ్డు తొలగునను ఆశతో యాసిడు పోయుటయు, అది చాలదని పైనుండి బ్లీచింగుపొడి చల్లుటయు కొందరికి అలవాటు. ఈ రెండును కలిసిన క్లోరినను విషవాయువు పుట్టును. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చివేయగలదు. యాసిడు ఒంటరిగా పోసినను మేలు లేదు. నిలిచిన నీటిలో అది అట్లే యుండి, తరువాత ప్లంజరు వేసినవారి ముఖముమీద చిమ్మును. ట్యాంకులో మలినమును జీర్ణము చేయు సూక్ష్మజీవులను కూడ అది చంపును. బట్టయు ప్లాస్టికును దానికి కరగవు. కావున కారణము తెలియక మందు వేయుట దేహమునకెట్లో గొట్టమునకును అట్లే కీడు.

మా ఇంట ప్లంజరుతో అడ్డు కొంత కదలినది గాని పూర్తిగా పోలేదు. మధ్యాహ్నమునకు ప్లంబరు వచ్చి చాంబరువైపునుండి పొడుగైన స్ప్రింగు తీగను లోనికి త్రిప్పి లాగగా ఒక ముద్ద బయటపడినది. అది ఆడుపిల్లలు నెలదినములలో వాడు ప్యాడు. నీరు పీల్చి ఉబ్బి గొట్టమునిండ బిగిసికొనియుండెను. పెరటిలో మగవారందరును నిలిచియుండిరి. మా బావగారి కుమార్తె, పదునాలుగేండ్ల పిల్ల, వంటింటి గుమ్మమువద్ద తెల్లబోయి నిలిచినది. నేను దానిని పాతగుడ్డలో చుట్టించి, "ఏదో గుడ్డముక్క అడ్డం పడింది. ఇంక దిగుతుంది" అని చెప్పి అందరిని భోజనములకు లెమ్మంటిని. సాయంకాలము ఆ పిల్లయే నావద్దకు వచ్చి, "పిన్నీ, ఎక్కడ పారేయాలో తెలియలేదు. బయటంతా అందరూ ఉన్నారు" అని కన్నీరు పెట్టుకొన్నది. ఆ పిల్లను కసరుకొనుటకు నాకు నోరెట్లు వచ్చును? మన ఇండ్లలో ఆ గదిలో ఒక మూతబుట్టను ఉంచు అలవాటే లేదు. అడుగుటకు సిగ్గు, చెప్పుటకు సిగ్గు. ఆ సిగ్గే ముద్దయై గొట్టమునకు అడ్డుపడినది. దానికి బదులుగా ఒక యువకుడు ఏమాత్రము నిండని ట్యాంకులో దిగియుండెడివాడు.

నాటినుండి మా దొడ్డిమూలను మూతగల చిన్న బుట్టయు, ప్రక్కన పాతకాగితముల కట్టయు ఉన్నవి. వాడినదానిని కాగితములో చుట్టి అందులో వేయవలయును. వేరుగా కట్టి చెత్తబండికి ఇయ్యవలయును. ఇంటికి వచ్చిన ఆడుపిల్లకు మంచినీటి కుండను చూపినట్లే ఈ బుట్టను కూడ చూపుచున్నాను. ప్యాడులు, పసిపిల్లల డైపర్లు, తుడుచుకొను తడి కాగితములు, తలవెంట్రుకలు, కొబ్బరిపీచు, మిగిలిన పులుసు, వంటనూనె ఇవేవియు బేసినులో వేయరాదు. నీటిలో కరగిపోవునవి తప్ప తక్కినవన్నియు ఎచటనో ఒకచోట నిలిచియే తీరును.

చాంబరు నిండియున్న ఇండ్లవారు ఏమి చేయవలయునో ఇక చెప్పెదను. వానకాలమున మాత్రమే నీరు దిగక, వానలు వెలసిన కొలది దినములకు తానే బాగుపడుచున్నచో దోషము భూమిలోని తడిది. కొండపాదమున నున్న మా ఊరివంటి చోట్ల శ్రావణ భాద్రపదములలో నేల నానియుండి ఇంకుడు గోతిలోని నీటిని పీల్చుకొనలేదు. స్నానపునీరును, బట్టల నీరును ఆ ట్యాంకులోనికి పోనీయక వేరుదారిన మొక్కలకు మళ్లించిన భారము చాలవరకు తగ్గును. అన్ని ఋతువులయందును చిక్కు ఉన్నచో ట్యాంకులో మడ్డి పేరుకొన్నదని భావింపవచ్చును. సెప్టిక్ ట్యాంకును రెండు మూడేండ్లకొకసారి ఖాళీ చేయింపవలయును. ఎప్పుడు చేయించితిమో తేదీ వ్రాసియుంచుకొన్నచో ఊహలతో పనిలేదు.

పల్లెలలో ట్యాంకునకు మారుగా జంటగోతుల దొడ్లు ఎక్కువ. బిందేశ్వర పాఠక్ 1970లో స్థాపించిన సులభ సంస్థ ఈ పద్ధతిని దేశమంతట వ్యాపింపజేసినది. ఆయన 2023 ఆగస్టు 15న స్వర్గస్థులైరి. ఇందు రెండు గోతులకును ఒకేసారి నీరు పోరాదు. చాంబరులో ఒక దారిని ఇటుకతో మూసి రెండవదానిని వాడవలయును. మొదటి గొయ్యి నిండగానే దారి మార్చి, నిండినదానిని మూసి రెండేండ్లు విడిచిపెట్టవలయును. అంతట లోపలి మలినము ఎండి, వాసనలేని మట్టియై, పొలమునకు ఎరువగును. కొన్ని ఇండ్లలో రెండు దారులును తెరచియే యుంచుటచేత రెండు గోతులును ఒకసారే నిండిపోవును. మీ ఇంటి చాంబరు మూత తీయించి ఈ ఒక్క సంగతిని చూడుడు. దారి మార్చుటతోనే నీరు దిగవచ్చును.

ట్యాంకు నిజముగా నిండియున్నను మనిషిని దింపరాదు. యంత్రముతో పీల్చు ట్యాంకరు బండిని పిలువవలయును. ఆ మడ్డిని కాలువలో పారబోయక శుద్ధిచేయు చోటికి చేర్చునా యని కూడ అడుగవలయును. మూసియున్న ట్యాంకులో ప్రాణవాయువు తక్కువ. అందు మీథేను, హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువులు నిలిచియుండును. రెండవది కొద్దిగా నున్నప్పుడు క్రుళ్లిన గ్రుడ్డు కంపు కొట్టును. ఎక్కువగా నున్నప్పుడు ముక్కునకు వాసన తెలిసెడి శక్తినే చంపివేయును. కాబట్టి కంపు లేదు గదా యని దిగినవాడే ముందు పడిపోవును. అతనిని రక్షింపబోయి రెండవవాడు దిగి, వాడును మరలి రాడు. పత్రికలలో ఒక్క ట్యాంకుననే ఇద్దరు ముగ్గురు చనిపోయిరని చదువుట ఇందువలననే.

2013 నాటి చట్టముప్రకారము తగిన రక్షణసామగ్రి లేకుండ మనిషిని సెప్టిక్ ట్యాంకులోనికి గాని మురుగుకాలువలోనికి గాని దింపుట నేరము. మొదటి తప్పునకే రెండేండ్ల వరకు చెరయో, రెండు లక్షల రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ఈ నిషేధము అధికారసంస్థలకు మాత్రమే గాక గృహస్థులకును వర్తించును. మురుగుకాలువలలో చనిపోయినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయలు చెల్లింపవలయునని 2014 మార్చి 27న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 2023 అక్టోబరు 20న దానిని 30 లక్షలకు పెంచినది. ఈ చట్టముల వెనుక ఒక తెలుగువాని దీర్ఘశ్రమ కలదు. 1966లో కోలారు బంగారుగనుల పట్టణమున జన్మించిన బెజవాడ విల్సన్ కుటుంబమువారే అచట ఎత్తుడుదొడ్ల పని చేసినవారు. ఆయన సఫాయీ కర్మచారీ ఆందోళనను స్థాపించి దేశమంతట తిరిగెను. 2016లో రామన్ మెగసెసే బహుమానము పొందెను. ఆ పనికి పిలువబడువారు ఎప్పుడును కొన్ని కులములవారే యగుటను మనమందరము ఎరుగుదుము. ఎరిగియు ఊరకుండుటకు మన శాస్త్రములను అడ్డుపెట్టుకొనుట తగదు. గాంధీమహాత్ముడు 1901 కలకత్తా కాంగ్రెసునందు చీపురు అడిగి తీసికొని దొడ్డిని తామే శుభ్రపరచిరి. మనకు అంతటి త్యాగముకూడ అక్కరలేదు. ఒక బకెట్టు నీరును, పావుగంట ఆలోచనయు చాలును.

కాబట్టి సోదరీమణులారా, ఈ నెలలో ఒక ఆదివారము ఈ పని చేయుడు. మీ ఇంటి గొట్టము ఎటు పోవుచున్నదో, చాంబరు ఎచటనున్నదో, ట్యాంకు మూత ఏ రాతిక్రింద నున్నదో కనుగొని ఒక కాగితముపై బొమ్మ గీయుడు. ట్యాంకు ఖాళీ చేయించిన తేదీని, బండివారి టెలిఫోను సంఖ్యను దాని క్రింద వ్రాసి బీరువా తలుపు లోపల అతికింపుడు. బొమ్మ గీయునప్పుడు కుమార్తెతోపాటు కుమారుని కూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. రేపు వాడు ఇంటి యజమానియై, నీరు దిగలేదని విన్నప్పుడు, మనిషిని దింపుడని చెప్పుటకు ముందు చాంబరు మూత తీసి చూచును.